బతికున్న అక్కకు దినాలు

బరువు మోయడం నాకు కొత్త కాదు. బొగ్గుబాయి కార్మికుణ్ణి. తట్ట నెత్తిన పెట్టుకుని వంగి నడిచాను, బొగ్గు టబ్బు పట్టాలు తప్పితే నలుగురితో కలిసి భుజం ఆనించి ఎత్తాను. ఆ బరువులన్నీ షిఫ్టు అయిపోగానే దిగిపోయేవి. ఒక్కటి మాత్రం దిగలేదు. దానితోనే బాయిలోకి దిగాను, దానితోనే పైకొచ్చాను. దానితోనే పెళ్లిపీటల మీద కూర్చున్నాను, పిల్లల్ని ఎత్తుకున్నాను. ఇవాళ దాన్ని మీ ముందు దింపుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అట్లయితేనే చెప్పగలను.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. మా ఇంట్లో ఆ సామెతను దేవుడి పటంలాగా కాపాడుకున్నాం. దాని వెనకాలే దాక్కున్నాం కూడా.

సంగతి చెప్తాను. నాకొక అక్క ఉంది. ఆమె చనిపోయిందని నేను చెప్పాను. పెద్ద ఆఫీసరు ముందు నిలబడి, నా నోటితో నేనే చెప్పాను. అప్పుడామె కరీంనగర్‌లో నిక్షేపంగా ఉంది. ఇప్పటికీ ఉంది.

అక్క అని రాస్తున్నాను గానీ, అప్పుడు లోకానికి ఆమె మా అన్న. బాపు పెట్టిన మగపేరు ఒకటి ఉండేది. దాన్ని ఇక్కడ రాయను. ఆమె ఆ పేరును వదిలిపెట్టి ఎంతో కాలమైంది. వదలనిది మేమే.

మాది బెల్లంపల్లి. ఇప్పుడు సగం క్వార్టర్లు పాడుబడి, గోడల్లో రావిమొక్కలు మొలిచి ఉన్న ఊరును చూస్తే మీరు నమ్మరు. మా చిన్నప్పుడు షిఫ్టు కూత వినపడితే చాలు, రోడ్డు నిండా సైకిళ్లే. మా క్వార్టర్ల లైన్లో ఈ పక్క మేం మావుశి అని పిలిచే మరాఠీ పిన్ని, ఆ పక్క మిషన్ చర్చికి పోయే అత్తమ్మ, ఎదురుగా ఉత్తరాది నుంచి వచ్చిన కుటుంబం. ఎవరి భాష వాళ్లదే, తిట్లు మాత్రం అందరివీ ఒక్కటే. సాయంత్రమైతే అన్ని వాకిళ్లలో బొగ్గుల పొయ్యిలు ఒకేసారి రాజేసేవారు. లైనంతా పొగ కమ్ముకునేది. ఈనాటికీ ఎక్కడన్నా బొగ్గు పొగ వాసన వస్తే నాకు ఆకలేస్తుంది.

మా పొయ్యి రాజేసేది అక్క. అవ్వకు, అంటే మా అమ్మకు, నడుం నొప్పి ఉండేది. అక్క ముగ్గు మావుశి దగ్గర నేర్చుకుంది, పాట అత్తమ్మ దగ్గర నేర్చుకుంది. క్రిస్మస్‌కు చర్చివాళ్లు పాడుకుంటూ ఇంటింటికీ వస్తే వాళ్లతో కలిసి లైన్ చివరిదాకా పోయేది. ఇక బతుకమ్మ పేర్చడంలో ఆమెను మించినవాళ్లు లేరు. మగపిల్లలం పొద్దున్నే అడవికి పోయి తంగేడు, గునుగు తెచ్చి వాకిట్లో కుప్ప పోసేవాళ్లం. అక్కడితో మా పని సరి. ఆమె పని అక్కడ మొదలయ్యేది. గునుగుపూలకు రంగులద్ది, ఒక్కో వరుస గుండ్రంగా తిప్పుతూ పేరుస్తుంటే పక్కింటి ఆడవాళ్లు వచ్చి, మా ఇంట్లో కూడా నాలుగు వరుసలు పెట్టిపో బిడ్డా అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయేవారు. పేర్చేదాకా అందరికీ ముద్దే. ఆట మొదలయ్యే వేళకు మాత్రం పోరగాళ్లు దూరం జరగాలనేవారు. ఆమె నా పక్కన కరెంటు స్తంభానికి ఆనుకుని నిలబడేది. పాటకు తగ్గట్టు ఆమె కాలు నేల మీద ఆడుతూనే ఉండేది. నేను చూసేవాణ్ణి. చూసి, ఎవరన్నా చూస్తున్నారేమోనని చుట్టూ చూసేవాణ్ణి.

ఆ చుట్టూ చూడడం అప్పుడే అలవాటైంది నాకు.

ఒకరోజు పొయ్యి ముందు కూర్చుని విసురుకుంటూ, ఇంట్లో ఎవరూ లేనప్పుడు నన్ను అక్కా అని పిలుస్తావా అని అడిగింది. ఎందుకని నేను అడగలేదు. అందరి ఇళ్లలో అక్కలుండేవారు, నాకూ ఒకరుంటే బాగుండునని ఎప్పటినుంచో ఉండేది. పిలిచాను. ఆమె ముఖం ఎంత వెలిగిందో చెప్పలేను. ఆరోజు కుండ అడుగున మాడిన బువ్వంతా గీకి నాకే పెట్టింది. మా పిల్లతనంలో అంతకు మించిన బహుమానం లేదు.

క్లబ్బు స్టేజీ మీద కార్మికులు నాటకాలు వేసేవారు. ఆడవేషానికి మనిషి దొరక్కపోతే అక్కను పిలిచేవారు. ఆమె చీర కట్టుకుని స్టేజీ మీదికి వస్తే ఈలలే ఈలలు. ఒక పెద్దమనిషి మెడలో పూలదండ కూడా వేశాడు. ఆ ఈలలు వేసిన పోరగాళ్లే మర్నాడు చెరువు దారిలో ఆమె మీద రాళ్లు వేశారు. స్టేజీ మీద అయితే కళ, కింద దిగితే రోగం. ఇదేం లెక్క అని నేను అప్పుడు అనుకోలేదు. రాళ్లు వేసినవాళ్లలో నా దోస్తులున్నారు. నేను వెయ్యలేదు. ఆపలేదు కూడా.

బాపు ఒకసారి ఆమెను అవ్వ చీరలో చూశాడు. నాటకం లేదు, పండుగ లేదు, ఊరికే ఇంట్లో కట్టుకుని అద్దం ముందు నిలబడి ఉంది. బాయిలో పెట్టుకునే తోలుబెల్టు తీసి కొట్టాడు. అవ్వ అడ్డం పడితే అవ్వకూ దెబ్బలు తగిలాయి. ఆ తర్వాత కొన్నాళ్లకు అక్క ఇల్లు విడిచిపోయింది. కరీంనగర్‌లో తనలాంటి వాళ్ల మధ్య ఉందనీ, ఒక గురువు ఆమెను కూతురుగా చేసుకుందనీ తర్వాత కబురు తెలిసింది. బాపు ఆ మాట విని, మళ్లీ ఇంట్లో ఆ ప్రస్తావన రావద్దన్నాడు. రాలేదు.

కానీ అవ్వ ఊరుకోలేదు. కళ్ల డాక్టరుకు చూపించుకుంటానని కరీంనగర్ బస్సెక్కేది. సంచిలో మక్కగారెలు ఉండేవి. ఏ డాక్టరు గారెలు తిని కళ్లు చూస్తాడో బాపు ఎన్నడూ అడగలేదు. ఆయనకు తెలుసనే అనుకుంటున్నాను.

ఇప్పుడు అసలు మాటకు వస్తున్నాను.

బాపు ఫిల్లరు. తట్టలో బొగ్గెత్తి టబ్బు నింపే పని. నింపి నింపి ఊపిరితిత్తుల్లోనూ నింపుకున్నాడు. డాక్టర్లు అన్‌ఫిట్ చేశారు. బాయి మనుషుల ఇళ్లలో అన్‌ఫిట్ అంటే ఏడుపూ పండుగా రెండూ ఒకటే. తండ్రి దిగిపోతే కొడుకు ఎక్కుతాడు. వారసత్వ నౌకరి. పెద్దకొడుక్కు పోవడం ఆనవాయితీ, బాపు కూడా వెనకటెప్పుడో తన వారసుడని పెద్దకొడుకు పేరే రాయించి పెట్టాడు. ఇప్పుడది నాకు రావాలంటే ఆ పెద్దకొడుకు వచ్చి, నాకొద్దు, తమ్ముడికి ఇవ్వండి అని ఆఫీసులో చెప్పి సంతకం పెట్టాలి. అంతే.

పిలిస్తే వచ్చేది. ఇది మీరు నమ్మాలి. అక్క రాదని మాలో ఎవరమూ అనుకోలేదు. నౌకరి తనకే కావాలంటుందనీ అనుకోలేదు. మా భయం ఒక్కటే, ఆమె చీర కట్టుకుని వస్తుంది. కాలనీ అంతా చూస్తుండగా చీరలో వచ్చి, ఆఫీసరు ముందు నిలబడి, పెద్దకొడుకును నేనే అంటుంది. ఆ నవ్వులను బాపు తట్టుకోలేడు. నేనూ తట్టుకోలేననుకున్నాను. రేపు నాతో బాయిలో దిగేవాళ్లంతా నన్ను ఏమని పిలుస్తారో అప్పుడే చెవుల్లో వినపడింది.

కాలనీలో పైరవీలు చేసే ఒకాయన ఉండేవాడు. ఆయన చాయ్ తాగుతూ చాలా సులువైన ఉపాయం చెప్పాడు. పోయినవాడికి సంతకం ఉండదు కదా అన్నాడు. అవ్వ లేచి వంటింట్లోకి పోయింది. బాపు నా వంక చూశాడు. నేను వద్దని ఉంటే ఆ సంగతి అక్కడే ఆగిపోయేది. నేను ఆ పైరవీకారు గ్లాసులో మళ్లీ చాయ్ పోశాను.

మాటలతో పని కాదన్నాడు ఆయన. నలుగురు చూసి ఉండాలి, రేపు ఎవరన్నా విచారణకు వస్తే ఊరు చెప్పాలి. కాబట్టి హుజూరాబాద్ దగ్గర మా సొంతూరికి పోయాం. అన్న గోదావరిలో స్నానానికి దిగి కొట్టుకుపోయాడనీ, శవం దొరకలేదనీ చెప్పాం. బంధువులు వచ్చి ఏడ్చారు. దినాలు చేశాం. తమ్ముణ్ణి కాబట్టి నేను గుండు చేయించుకున్నాను.

పిట్టకు పెట్టే రోజు నాకు బాగా గుర్తుంది. మాలో చనిపోయినవాళ్లకు ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా చూస్తారు. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిందని లెక్క. అవ్వ మక్కగారెలు చేసింది. విస్తరి చెరువుగట్టున పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకి రాదు, రాకపోతే అందరికీ తెలిసిపోతుంది, తెలిసిపోవాలి, అని ఒకేసారి భయపడుతూ, ఎక్కడో ఒక మూల కోరుకుంటూ చూస్తున్నాను. రెండు కాకులు వచ్చి గారె మీద కొట్లాడుకున్నాయి. ఏ కోరికా లేదు, తృప్తిగా పోయిండు అని మా మేనత్త కళ్లు తుడుచుకుంది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కాకులు కూడా మా పక్కనే ఉన్నాయనుకున్నాను. ఇక ఈ లోకంలో ఏదైనా నడుస్తుందని ఆరోజు నాకు తెలిసింది.

అవ్వ మాత్రం ఆపకుండా ఏడ్చింది. అది నాటకం అనుకోకండి. బతికున్న బిడ్డకు పిట్టకు పెట్టిన తల్లి ఇంకెట్లా ఏడుస్తుంది?

ఆ తర్వాత ఆఫీసులో పిలిచారు. ఆఫీసరు మంచివాడు, బాపును కుర్చీలో కూర్చోమన్నాడు. పెద్దకొడుకు ఏడని అడిగాడు. బాపుకు దగ్గు ఆగలేదు. నిజంగా దగ్గో, మాట రాకపోవడమో చెప్పలేను. అప్పుడు నేనే చెప్పాను, అన్న సచ్చిపోయిండు సార్ అని. నా గుండు చూసి ఆయన ఇంకేమీ అడగలేదు. పైగా, ధైర్యంగా ఉండు బాబూ అని నా భుజం తట్టాడు.

తిలా పాపం తలా పిడికెడు అంటారు. బాపుకు ఒక పిడికెడు, ఆ పైరవీకారుకు ఒకటి, తిని చేతులు కడుక్కున్న ఊరికి ఒకటి. ఇట్లా పంచుకుంటూ నేను చాలా ఏళ్లు గడిపాను. ఎంత పంచినా నా వాటా తగ్గలేదు. నోరు తెరిచింది నేను.

నౌకరి వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ మొదటి ఏళ్లు బాగుండేవి. బాయి నోటి దగ్గర మైసమ్మకు మొక్కి దిగేవాళ్లం. లోపల చీకట్లో ఒకరి దీపం ఒకరికి. ఒకడు తెచ్చిన తొక్కు అందరం నాకేవాళ్లం. పైకప్పు చప్పుడు చేస్తే ముందు పక్కవాణ్ణి లాగి, తర్వాత మనం పరుగెత్తేవాళ్లం. పరాయివాళ్ల కోసం అట్లా చెయ్యి చాచిన మనిషినే నేను. ఆ చెయ్యి సొంత అక్క వైపు ఎందుకు చాచలేదు? ఎన్నోసార్లు నన్ను నేనే అడిగాను. బాయిలో చీకటి ఉంటుంది, ఎవరూ చూడరు. పైన వెలుతురులో అందరూ చూస్తారు. నా ధైర్యమంతా చీకటి ధైర్యమే.

బాపు పోయాడు. కొన్నేళ్లకు అవ్వ పోయింది. అవ్వ పోయినప్పుడు అక్కకు కబురు చెయ్యలేదు. చనిపోయిన మనిషికి ఏమని కబురు చేస్తాం? కరీంనగర్ బస్సు రోజూ మా రోడ్డు మీదనే పోయేది.

ఆ తర్వాత ఒకనాడు ఫోనులో ఒక వీడియో తిరుగుతూ తిరుగుతూ నా దగ్గరికి వచ్చింది. కరీంనగర్ కలెక్టరాఫీసు ముందు టెంటు. హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్ మనుషులు ధర్నా కూర్చున్నారు. మైకు పట్టుకుని మాట్లాడుతున్నది అక్క. జుట్టు నెరిసింది, గొంతు మారలేదు. ఇళ్ల జాగలు కావాలంటోంది. పెద్దాసుపత్రిలో తమను ఏ వార్డులో పడుకోబెట్టాలో తెలియక వరండాలో వదిలేస్తున్నారంటోంది. పోయినవాళ్లను బొంద పెట్టుకోవడానికి జాగ లేదంటోంది. మధ్యలో ఒక మాటన్నది, మేము ఆకాశం నుంచి ఊడిపడలేదు, బాయి కార్మికుల పిల్లలం, రైతుల పిల్లలం, ఈ ఊర్ల చరిత్రలో మేమూ ఉన్నాం, తీసేసింది మీరు అని. ఆ తీసేసినవాళ్లలో ఒకణ్ణి మా వాకిట్లో మంచం మీద కూర్చుని చూస్తున్నాను. నా భార్య పక్కకు వచ్చి, ఎవరో గని మంచిగ మాట్లాడుతున్నది అంది. నేను ఫోను పక్కన పెట్టాను.

ఆ తర్వాత ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. నా భార్య తల్లిగారింటికి పోయి ఉంది. తలుపు తీస్తే ఎదురుగా అక్క. మామూలు నూలుచీర, భుజానికి గుడ్డసంచి. అవ్వ పోలికలన్నీ ఆమె ముఖంలోకి వచ్చాయి. నేను లోపలికి రమ్మనలేదు. గడపలో నిలబెట్టి చెంబుతో నీళ్లిచ్చాను. ఇది రాస్తుంటే ఆఫీసులో చెప్పిన అబద్ధం కన్నా ఎక్కువ సిగ్గేస్తోంది.

ఆమె నీళ్లు తాగి సంగతి చెప్పింది. ట్రాన్స్‌జెండర్ మనుషులకు సర్కారు ఇచ్చే గుర్తింపు కార్డు కోసం పోతే, విచారణకు వచ్చిన ఉద్యోగి సొంతూరికి ఫోన్ చేశాడట. ఆ మనిషి ఎప్పుడో పోయాడు, మేం దినాలకు పోయి తిన్నాం కూడా అని ఊరివాళ్లు చెప్పారట. అట్లా తన చావు కబురు తనకు మొదటిసారి తెలిసిందట. ఇళ్ల జాగల దరఖాస్తు కూడా అందరి తరఫునా ఆమె పేరు మీదే పోయింది. చచ్చినవాళ్ల దరఖాస్తు మేమెట్లా తీసుకుంటాం, ముందు నువ్వు బతికున్నట్టు రక్తసంబంధీకులతో చెప్పించు అన్నాడట ఆఫీసులో ఒకాయన. నవ్వుతూ అన్నాడట. ఆమె వెనకాల ఆ జాగల కోసం ఎదురుచూసేవాళ్లంతా ఆగిపోయారు.

"నువ్వొచ్చి నేను బతికున్ననని ఒక్క మాట చెప్పు తమ్మీ," అన్నది.

"నౌకరి పోతదక్కా," అన్నాను. కొడుక్కు రావాల్సింది కూడా పోతుందన్నాను.

"నీకు నౌకరున్నదని నేనెన్నడన్న ఏడ్చిన్నా? గప్పుడు పిలిస్తే నేనే వచ్చి సంతకం పెడుదు. ఎందుకు పిలువలే?"

నేను నేల చూస్తున్నాను.

"చీర కట్టుకొని వస్తననేనా?"

నేను ఆమె భుజం మీదుగా లైను వైపు చూశాను. ఆమెకు జవాబు దొరికింది. చాలా మెల్లగా అన్నది. "నౌకరి నువ్వే ఉంచుకో. నా పానం నాకియ్యి."

అప్పుడు నేనన్న మాట ఏమిటో తెలుసా? ఎన్నోసార్లు దీన్ని మార్చి గుర్తు తెచ్చుకుందామని చూశాను. కుదరలేదు. "మల్ల ఇటు రాకు అక్కా, లైన్ల అందరు చూస్తుండ్రు," అన్నాను. ఆమె చెంబు గడప మీద పెట్టి, కొంగు సర్దుకుని, మా పాత ఇల్లున్న వైపు నుంచి చుట్టూ తిరిగి పోయింది. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, కూలగొట్టారు. ఆమె అక్కడ కాసేపు ఆగడం తలుపు సందులోంచి చూశాను.

ఈ ఏడు కాలనీ స్కూలు పాత విద్యార్థులమంతా కలిశాం. మంచి సంబరం. తెల్లజుట్ల ముసలివాళ్లమంతా పిల్లల్లాగా పేర్లు పెట్టి పిలుచుకున్నాం. గోడల నిండా పాత ఫోటోలు, బాయి తవ్విననాటివి, ఆఫీసర్లవి, ఆటల పోటీలవి. క్లబ్బు నాటకాల ఫోటోలు కూడా పెట్టారు. ఒకదాంట్లో అక్క ఉంది. కింద హీరో వేసినవాడి పేరు ఉంది, విలన్ వేసినవాడి పేరు ఉంది. ఆమె కింద 'స్త్రీ పాత్రధారి' అని ఉంది. ఆ తర్వాత చనిపోయిన మిత్రుల పేర్లు చదివారు. అందులో ఆమె వదిలేసిన ఆ పాత పేరు వచ్చింది. చచ్చినవాడి కళ్లు చేరెడంటారు. ఒకడు మైకు తీసుకుని, ఎంత మంచి నటుడు, ఎంత మంచి మనిషి అని చాలాసేపు పొగిడాడు. చెరువు దారిలో మొదటి రాయి వేసింది వాడే. అందరూ మౌనంగా లేచి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. తల వంచుకున్నాను. పక్కనున్నవాడు ఓదార్పుగా నా వీపు మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తీసెయ్యి, ఆమె బతికే ఉందిరా అని అరవాలనిపించింది. అరవలేదు. భోజనాలకు పిలిచారు, పోయి తిన్నాను.

ఆ తిన్నది అరగలేదు. నెలలు గడిచినా అరగలేదు.

మొన్న పెత్రమాస వచ్చింది. ఆనాడు పోయిన పెద్దల పేర్ల మీద బియ్యం, కూరగాయలు పళ్లెంలో పెట్టి పూజారి అయ్యగారికి ఇస్తాం. ఏటా మూడు పళ్లాలు సర్దుతుంది నా భార్య. బాపుది, అవ్వది, మా అన్నది. గోడ మీద మూడు ఫోటోలకూ దండలు వేస్తుంది. పెళ్లయి వచ్చిన ఏడు నుంచి ఆమె అట్లాగే చేస్తోంది, చూడని బావగారికి ఎంతో శ్రద్ధగా మొక్కుతోంది. అయ్యగారు రెండు పేర్లు చదివి మూడో పేరు కోసం నా వంక చూశాడు. పళ్లెం నా చేతుల్లో ఉంది. ఇవ్వడానికి చేతులు ముందుకు పోలేదు.

ఆ మనిషి చనిపోలేదు అయ్యగారూ, కరీంనగర్‌లో ఉంది, నాకు అక్క అవుతుంది అన్నాను.

ఆయన మూడో పళ్లెం ముట్టలేదు. రెండు పళ్లాలు తీసుకుని వెళ్లిపోయాడు. నా భార్య గోడ మీది ఫోటో దించి, దండ తీసి, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. "ఇన్నేండ్ల సంది బతికున్న మనిషికి దండేసి మొక్కిచ్చినవా నాతోని?" అని మాత్రం అడిగింది. అప్పటినుంచి నాతో మాట్లాడడం లేదు. అన్నం పెడుతోంది, మాట్లాడడం లేదు. సంగతి తెలిసి నా కొడుకు, నౌకరి పోతే మా గతేంటని అడిగాడు. ఒకప్పుడు ఇదే ప్రశ్న వేసుకుని నేనేం చేశానో వాడికి మొత్తం చెప్పాను.

మీకు అనిపించవచ్చు, ఇంట్లో చెప్పేశాడు, ఇక తేలికపడ్డాడని. కొంచెం తేలికైన మాట నిజమే. అబద్ధం ఎందుకు? ఆ రాత్రి చాలా ఏళ్ల తర్వాత మత్తుగా నిద్రపోయాను. కానీ నా నిద్రతో అక్కకేం పని? అయ్యగారికి చెబితే ఆమెకు కార్డు రాదు. ఆ జాగలు రావు. నేను తేలికైనంత మాత్రాన ఆమె బతకదు.

వీడియో పంపినవాణ్ణి పట్టుకుని, వాణ్ణీ వీణ్ణీ అడిగి, నిన్న ఆమె నంబరు సంపాదించాను. ఆమె గొంతు వినగానే అనుకున్నవన్నీ మరిచిపోయాను. ఏదేదో మాట్లాడాను. అవ్వ పోయిన రోజు గురించి చెప్పాను, గారెల గురించి, కాకుల గురించి చెప్పాను, ఏడ్చాను. అవతల ఎవరో ఆమెను పిలుస్తున్నారు, ఏదో మీటింగు జరుగుతున్నట్టుంది. ఆమె మధ్యలో అడ్డం రాలేదు. పోనీలే అనలేదు. తమ్మీ అని కూడా అనలేదు. నేను సోమవారం వస్తానన్నాను.

"సోమారం సెలవు. మంగళారం పొద్దుగాల రా. ఆధార్ కార్డు తెచ్చుకో. లోపట ఆఫీసరు అడిగినప్పుడు నీళ్లు నమలకు," అని ఫోను పెట్టేసింది.

నీళ్లు నమలకుండా ఈ మాట చెప్పడం నాకు రాదు. ఒకసారి మొదటినుంచి చివరిదాకా చెప్పి చూసుకుందామనే ఇదంతా మీకు రాశాను.